రెండు పెళ్లిళ్లు, ఒక ఖాళీ క్యాచ్

వైశాఖమాసంలో ఆ శుక్రవారం పొద్దున శివప్రసాద్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. కళ్యాణ మండపానికి వెళ్లి ఆఫీసులో కంప్యూటర్ ఆన్ చేసి అమ్మకు అప్పజెప్పాలి. పెళ్లివారు పెట్టే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినాలి. ఎండ ముదరకముందే మైదుకూరులో బస్సెక్కి కడప చేరి, తాను పనిచేసే ఇనిస్టిట్యూట్‌లో జావా క్లాసు చెప్పాలి. ఆ రోజు పాఠం ఎక్సెప్షన్లు. అంటే, ప్రోగ్రాం నడుస్తుండగా ఏదైనా అడ్డం తిరిగితే ఏం చేయాలన్న సంగతి. ఆ పాఠం చెప్పడంలో శివప్రసాద్‌కు కాస్త పేరుంది.

"జావాలో వచ్చే ఇబ్బందులు రెండు రకాలు," అని మొదలుపెట్టేవాడు. "మొదటి రకం చెక్డ్. ఫైలు దొరక్కపోవచ్చు, డేటాబేస్ ఒప్పుకోకపోవచ్చు. ఇట్లాంటివి జరగొచ్చని ముందే తెలుసు గాబట్టి, 'జరిగితే ఏం జేస్తావో రాసి చూపించు, అంతవరకూ నిన్ను కదలనీయను' అని కంపైలర్, అంటే ప్రోగ్రాంను నడవకముందే చదివి చూసేది, గడప దగ్గరే నిలబెడ్తాది. రెండో రకం అన్‌చెక్డ్. దాని గురించి కంపైలర్ నోరెత్తదు. నడిచేటప్పుడు నెత్తిన పడినాకనే తెలుస్తాది."

శివప్రసాద్ ఎం.సి.ఏ. చదివి రెండేళ్లయింది. తండ్రి రామకోటయ్యకు మైదుకూరు బజారులో బట్టల అంగడి. ఆయన కర్నూలు రోడ్డు మీద కళ్యాణ మండపం కట్టించి దానికి భార్య సుందరలక్ష్మి పేరు పెట్టాడు. పేరైతే ఆమెదే గానీ, లోపల ఆమె కూర్చోవడానికి కుర్చీ ఉండేది కాదు. కొడుకు కంప్యూటర్ కొనిపించి, బుకింగుల కోసం జావాలో ప్రోగ్రాం రాసిపెట్టిన తర్వాతే ఆమెకు ఆఫీసూ కుర్చీ రెండూ వచ్చాయి. పదో తరగతితో బడి మానేసిన సుందరలక్ష్మి నెల తిరక్కుండా మౌసు పట్టడం, పేరు కొట్టడం, ప్రింటు తీయడం నేర్చుకుంది. పగలు రామకోటయ్య అంగట్లో ఉంటే బుకింగులు ఆమె రాసేది. సాయంత్రం ఆయన వచ్చి రాసేవాడు.

"ఆ డబ్బాను నమ్ముకుంటే ఎప్పుడో మునిగిపోతాం," అనేవాడు రామకోటయ్య.

"మీరు నమ్మాకండి. అది నా మాట ఇంటాది, నాకది శాలు," అనేది సుందరలక్ష్మి.

కంప్యూటర్ లెక్క ప్రకారం ఆ రోజు మండపంలో ఒకటే పెళ్లి. రాజంపేట హోల్‌సేల్ కిరాణా వ్యాపారి రాఘవేంద్రప్రసాద్ కూతురు శ్రీవాసవిది. పెళ్లికొడుకు వాళ్లది ప్రొద్దుటూరు. ఆడపెళ్లివారు ముందురోజు సాయంత్రమే దిగి, గదులన్నీ ఆక్రమించి, వంటలు మొదలుపెట్టారు. మగపెళ్లివారు పొద్దున్నే రావాలి.

శివప్రసాద్ రెండో బజ్జీ మీద ఉండగా గేటు ముందు బస్సు ఆగింది. ముందు అద్దానికి అరటి పిలకలు, పైన డోలూ సన్నాయీ, కిటికీల నిండా తలలు.

"పొద్దుటూరోళ్లు వచ్చేసినారు!" అని ఎవరో అరిచారు.

రాఘవేంద్రప్రసాద్ లోపల గౌరీపూజ దగ్గర కూతురి పక్కన ఉన్నాడు. ఎదుర్కోలు బాధ్యత ఆయన అక్క సుబ్బలక్ష్మమ్మ మీద పడింది. ఆమెకు దూరం చూపు ఆనదు, కళ్లజోడు పెడితే ముక్కుపుడక కనపడదని ఆ రోజు పెట్టుకోలేదు. హారతి పళ్లెంతో పరుగున వెళ్లి, బస్సు దిగిన పెళ్లికొడుక్కి దిష్టి తీసి, కాళ్లు కడిగించి, బొట్టు పెట్టింది. పానకం గ్లాసు అందించింది స్వయానా శివప్రసాదే.

"అత్తా, ఫొటోలో సన్నగా ఉన్న్యాడు గదా? కళ్లద్దాలు గూడా ఉండె," అంది వెనకాల ఒక పిల్ల.

"పెండ్లినాడు ఎవురన్నా అద్దాలు పెట్టుకుంటారా? నేను పెట్టుకున్న్యానా? నోరు మూసుకో," అంది సుబ్బలక్ష్మమ్మ.

పెళ్లికొడుకు మాత్రం బుద్ధిమంతుడు. ఇచ్చింది తాగాడు, చూపించిన గదిలో కూర్చున్నాడు, ఇంకో గ్లాసు ఇస్తే అదీ తాగాడు. అతని తండ్రి ఎర్ర తలపాగా, పెద్ద మీసాలు, భుజాన కండువా. చుట్టూ చూసి ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

"ఏమప్పా, మా ఆలూరు పక్క ఎన్ని మండపాలు చూసినా ఇట్లాంటి మర్యాద యాడా చూడల్యా. దుడ్లు దీస్కొని తాళంచెవి మొగాన కొట్టేటోల్లే అందరూ. మీరు కాళ్లు గూడా కడిగితిరి!" అన్నాడు శివప్రసాద్‌తో.

ప్రొద్దుటూరు వాళ్లకు ఆలూరు మాట ఎందుకు వచ్చిందో శివప్రసాద్‌కు అర్థం కాలేదు. చుట్టరికం ఏదో ఉంటుందిలే అనుకుని, చెయ్యి కడుక్కుని, బస్సు కోసం గేటు వైపు నడిచాడు.

గేటు దగ్గర వరసగా కార్లు నిలబడి ఉన్నాయి. మొదటి కారులో సన్నగా, కళ్లద్దాలతో, తలపాగా కట్టుకున్న ఒక కుర్రాడు చెమటలు తుడుచుకుంటున్నాడు. పక్కన అతని తండ్రి ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు.

"ఎంతసేపని కూర్చోవల్ల బాబూ? హారతి ల్యాదు, మేళం ల్యాదు, రండి అనే నాథుడు ల్యాడు. రాజంపేటోళ్లకు మేమంటే ఇంత లోకువయిపోతిమా? మర్యాదగా పిలిచేదాంకా మేము దిగం," అన్నాడాయన.

ఆ మాట లోపలికి చేరేసరికి రాఘవేంద్రప్రసాద్ పూజ మధ్యలో లేచి వచ్చాడు.

"వియ్యంకుడు కార్లో ఉండాడా? లోపల పానకం తాగుతాండాడంటిరే?"

"లోపలొకరుండారు నాయనా. బయటొకరుండారు," అంది ఇందాకటి పిల్ల.

లోపల ఒక పెళ్లికొడుకు, బయట ఒక పెళ్లికొడుకు. ఉన్నదేమో ఒక్క పెళ్లికూతురు. సుబ్బలక్ష్మమ్మ హారతి పళ్లెం కింద పడేసి, కళ్లజోడు కోసం గదిలోకి పరుగెత్తింది.

రాఘవేంద్రప్రసాద్ ఎర్ర తలపాగా మనిషి ముందు నిలబడ్డాడు. "అయ్యా, తమరెవరో తెలుసుకోవచ్చునా?"

"నేను పెద్ద ఈరన్న. మాది ఆలూరు తట్టు. ఈ పొద్దు నా కొడుకు పెండ్లి. పిల్ల తరపోల్లు బద్వేలు నించి వస్తాండారు. ఇద్దరికీ తోవలో ఉండాదని ఈ మండపం పట్టినాం. అది సరేగానీ, మీరెవురు సామీ? మండపం మేనేజరా?"

 కడప బస్సు హారన్ కొట్టుకుంటూ గేటు ముందు నుంచే వెళ్లిపోయింది.

కబురందుకుని రామకోటయ్య అంగడి నుంచి స్కూటరు మీద వచ్చి పడ్డాడు. పెద్ద ఈరన్న చొక్కా లోపలి జేబులో నుంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోని రసీదును జాగ్రత్తగా విప్పాడు. 'శుభమస్తు. మీ బుకింగ్ అయినది' అని, కింద ఆ రోజు తేదీ, పైన సుందరలక్ష్మి కళ్యాణ మండపం పేరు. రామకోటయ్య ఆఫీసులోకి దూరి కంప్యూటర్‌లో ఆ తేదీ తెరిచి చూశాడు. రాఘవేంద్రప్రసాద్ పేరు ఒక్కటే ఉంది.

"ఈరన్నా, దీంట్లో నీ పేరు ల్యాదే!"

"కాయితం దీంట్లోనించే గదా వచ్చింది సావుకారీ? కాయితం కక్కిన మిషను పేరెట్ల మింగుతాది?"

"నేనే రాసిచ్చినా," అంది సుందరలక్ష్మి.  "మీరు పొద్దుటూరుకు సరుక్కు పోయిన్నాడు ఈయప్ప వచ్చినాడు. పేరు కొట్టినా, తేదీ కొట్టినా, నొక్కినా. అయిందని చూపిచ్చింది. ప్రింటు తీసిచ్చినా."

"నువ్వేం నొక్కితివో నీకే తెలియల్ల!" అని రామకోటయ్య అందరి ముందూ కేకలేశాడు. "ఇంట్లో ఉండమంటే ఇంటివా? తెలిసీ తెలియని చేతులు పెట్టి రెండిండ్ల పెండ్లిండ్లు బజార్న బెడితివి. లేయ్, ఆ కుర్చీలో నించి లేయ్."

సుందరలక్ష్మి కళ్లద్దాలు తీసి కీబోర్డు పక్కన పెట్టి, మెల్లగా లేచి నిలబడింది. ఇంట్లో ఉప్పు ఎక్కువైందన్నా ఊరుకోని మనిషి అలా మాట్లాడకుండా లేచింది. శివప్రసాద్ ఆ కుర్చీలో కూర్చుని తాను రాసిన ప్రోగ్రాం తెరిచాడు.

వెతకాల్సిన పని లేకపోయింది. ఒకే తేదీని రెండుసార్లు రాయబోతే బుకింగులు దాచే డేటాబేస్ ఒప్పుకోదు. అలా కట్టడి పెట్టింది తనే. డేటాబేస్ ఒప్పుకోనప్పుడు వచ్చే ఎక్సెప్షన్ చెక్డ్ రకం. కాబట్టి ప్రోగ్రాం రాసిన రోజున కంపైలర్ తన ధర్మం తాను పాటించి, అది వస్తే ఏం చేస్తావో చెప్పమని అడిగింది. మర్నాడే కంప్యూటర్‌కు పూజ, అమ్మ కొత్త చీర కట్టుకుని సిద్ధంగా ఉంది. తొందరలో శివప్రసాద్ ఆ జవాబు రాయాల్సిన చోట క్యాచ్ అని రాసి, బ్రాకెట్లు తెరిచి, మూసేశాడు. మధ్యలో ఏమీ రాయలేదు. రేపు రాద్దాంలే అనుకున్నాడు. అడిగినదానికి జవాబు దొరికిందనుకుని కంపైలర్ ఊరుకుంది. పెద్ద ఈరన్న పేరు కొట్టిన రోజున డేటాబేస్ 'ఇది కుదరదు' అని గట్టిగానే చెప్పింది. ఆ మాట ఖాళీ బ్రాకెట్లలో పడి చచ్చిపోయింది. ప్రోగ్రాం కింది లైనుకు దిగి, ఏమీ ఎరగనట్టు 'శుభమస్తు' అని ప్రింటు తీసింది.

నోరు విప్పకుండా ఊరుకుంటే ఆ తప్పు అమ్మ వేలి మీదే ఉండిపోతుంది. ప్రోగ్రాం చదవగలిగినవాళ్లు ఆ గదిలో ఇంకెవరూ లేరు. శివప్రసాద్ లేచాడు.

"నాయనా, అమ్మ సరిగ్గానే నొక్కింది. తప్పు నాది. తేదీ ఖాళీ ల్యాదని కంప్యూటర్ చెప్పబోయింది. చెప్పనియ్యకుండా నేనే రాసిపెట్టినా."

 పెద్ద ఈరన్న మీసం మీద చెయ్యి వేశాడు.

"అంటే ఏమప్పా, అది ల్యాదు అనబోతే నువ్వు దాని నోరు మూసినావా?"

"అంతేనన్నా."

"మరి అయింది అని ఎవురు చెప్పమనిరి?"

"అదీ నేనే."

బస్సులో నుంచి దిగిన మగవాళ్లు పాతికమంది కిటికీ బయట నిలబడి వింటున్నారు. రామకోటయ్య వెన్నంతా చెమటతో తడిసిపోయింది. ఏదో ఒకటి పగులుతుందనే అందరూ అనుకున్నారు. పెద్ద ఈరన్న శివప్రసాద్‌ను పైనుంచి కిందికి చూసి, చెయ్యి భుజం మీద వేశాడు.

"తప్పు నాదని చెప్పినోన్ని ఇంగేం అంటాంలే. ముహూర్తానికి టైమింకా ఉండాది. పిల్లోల్లు వచ్చేలోపల నా కొడుకు పెండ్లి యాడ చేయల్లనో చెప్పు. అది చెప్పు శాలు."

ఆ చెయ్యి తన భుజం మీద ఎంత బరువుగా, ఎంత మెత్తగా ఉందో శివప్రసాద్‌కు చాలాకాలం గుర్తుండిపోయింది. కిటికీలో నుంచి చూస్తే మండపం గోడకు అవతల రేకుల షెడ్డు కనపడింది. అది మస్తాన్ వలీ కడప బండలు కోసి పాలిష్ పట్టే యార్డు. శుక్రవారం నమాజు కోసం మిషన్లు ఆపేసి ఉన్నాయి. శివప్రసాద్ గేటు చుట్టూ తిరిగి పోకుండా గోడెక్కి దూకాడు.

విషయం సగం చెప్పేసరికే మస్తాన్ వలీ చెయ్యెత్తి ఆపాడు.

"అరె శివా, అడిగేదేముండాది దీంట్లో? సుందరమ్మ వదిన పేరు మీద పెండ్లి ఆగితే పక్కనుండే నాకు ఇజ్జత్ ఉంటాదా? షెడ్డంతా నీది. నేను నమాజుకు పొయ్యేలోపల చెయ్యాల్సిందంతా జేస్తా. పాలిష్ పట్టిన బండల మీద మాత్రం చూసి నడవమను, జారతాయి."

తర్వాత జరిగిన పని చూసి తీరాలి. యార్డు కూలీలూ, ఆలూరు మగవాళ్లూ కలిసి మిషన్లు ఒక మూలకు నెట్టారు. నల్లటి బండలు ఒకదాని మీద ఒకటి పేర్చి పెళ్లి అరుగు కట్టారు. పాలిష్ మిషన్లకు పెట్టే నీళ్ల పైపుతో నేలంతా తడిపితే వైశాఖపు ఎండలోనూ షెడ్డు చల్లబడింది. రామకోటయ్య స్కూటరెక్కి పోయి, అంగట్లోని జరీ అంచు తానులు ఆటోలో వేసుకొచ్చి, బండల గోడల మీద తన చేత్తోనే పరిచాడు. అమ్మకానికి తప్ప ఆ తానులను ఆయన విప్పడం శివప్రసాద్ అంతకుముందు చూడలేదు.

ఇంతటితో గండం గడిచిందని శివప్రసాద్ అనుకుంటున్నంతలో పెద్ద ఈరన్న సెల్‌ఫోను మోగింది. మాట్లాడి, శివప్రసాద్‌ను పక్కకు పిలిచాడు.

"అప్పా, ఎవురికీ చెప్పాకు. మా వంటోల్ల వ్యాను చాగలమర్రి కాడ ఇరుసు ఇరిగి పడుకోనుండాదంట. అయ్యోరు గూడా దాంట్లోనే ఉండాడు. ఇప్పుడు నాకు భోజనమూ ల్యాదు, పంతులూ ల్యాడు."

ఇలాంటిది ఒకటి జరగొచ్చని ఏ కంపైలరూ అడగదు. శివప్రసాద్ ఇనిస్టిట్యూట్‌కు ఫోన్ చేసి ఈ రోజు క్లాసుకు రాలేనని చెప్పాడు. ఎక్సెప్షన్ల క్లాసుకే రాకపోతే ఎట్లా అని వాళ్లడిగారు. వాటి పనిమీదే ఉన్నానని చెప్పి పెట్టేశాడు.

గేటు దగ్గర ప్రొద్దుటూరు కార్లు ఇంకా కదల్లేదు. రాఘవేంద్రప్రసాద్ చేతులు జోడించి నిలబడ్డా, లోపల వేరేవాళ్లకు కాళ్లు కడిగి తమను ఎండలో నిలబెట్టారన్న కోపం వియ్యంకుడికి తగ్గలేదు. పైగా ఆయన కుదుర్చుకున్న మేళం వాళ్లు దారి తప్పి ఇంకేదో మండపానికి పోయారు. మేళం లేకుండా దిగేది లేదని ఆయన పట్టు. బతిమాలి బతిమాలి రాఘవేంద్రప్రసాద్ గొంతు బొంగురుపోయింది.

ఇది చూసి పెద్ద ఈరన్న తన డోలు సన్నాయి వాళ్లను వెంటబెట్టుకుని గేటు దగ్గరికి నడిచాడు. కారు కిటికీ ముందు తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"సామీ, మీకు రావాల్సిన మర్యాద పొరపాటున మేం అందుకున్న్యాం. మీ పానకం గూడా మా వాడే తాగినాడు, రెండు గ్లాసులు. తప్పయిపాయ. దానికి బదులు మా మేళం మీది. దిగల్ల."

సన్నాయి అందుకుంది. ప్రొద్దుటూరు పెద్దమనిషి కాసేపు బిగదీసుకున్నాడు గానీ, రెండు గ్లాసులన్న మాట దగ్గర మీసాల చాటున నవ్వు ఆగలేదు. కారు తలుపు తెరుచుకుంది. ఈసారి సుబ్బలక్ష్మమ్మ కళ్లజోడు పెట్టుకుని, పెళ్లికొడుకు ముఖంలో ముఖం పెట్టి చూసి, పేరడిగి మరీ హారతిచ్చింది.

రాఘవేంద్రప్రసాద్ పెద్ద ఈరన్న రెండు చేతులూ పట్టుకున్నాడు. "నా పరువు నిలబెట్టినావన్నా. నీకు వంటోళ్లు రాలేదని శివ చెప్పినాడు. వాడి మీద కోపం చేసుకోవద్దు. మా ఆకులన్నీ మీవే అనుకో. పెండ్లికి తక్కువ వండించే అలవాటు మా ఇండ్లల్లో ల్యాదు."

"మా ఆలూరోల్లు శానా తింటారు సామీ."

"తిననీ. తినకపోతేనే మాకు బాధ."

మిగిలింది పంతులు. ఉన్నదొక్కడు, ముహూర్తం ఇద్దరికీ ఒకటే. బద్వేలు ఆడపెళ్లివారు వచ్చి, నల్లబండల మీద జరీ తానులు పరిచిన పందిరి చూసి, ఇదేదో కొత్త ఫ్యాషన్ కాబోలనుకుని మురిసిపోతూ కూర్చున్నారు. రాఘవేంద్రప్రసాద్ పురోహితుడు ఆలోచించి, మైకులో మంత్రం చదువుతానని, యార్డులో ఒక స్పీకరు పెడితే అక్కడివాళ్లు విని చేసుకోవచ్చని ఒప్పుకున్నాడు. వైరు గోడ మీదుగా లాగారు. అంతా సవ్యంగా సాగింది. సరిగ్గా జీలకర్ర బెల్లం దగ్గర కరెంటు పోయింది.

జనరేటరు రెండుసార్లు దగ్గి ఊరుకుంది. శివప్రసాద్ ఒక్క దూకుతో గోడెక్కి, అటొక కాలు ఇటొక కాలు వేసుకుని కూర్చున్నాడు. పురోహితుడు ఇటు చెప్పిన మాట అటు అరవడం మొదలుపెట్టాడు. ఉదయం నుంచీ భయపడి ఉన్నాడేమో, ఈసారి ఒక్క మాట కూడా వదలకూడదనుకున్నాడు.

"జీలకర్ర బెల్లం అమ్మాయి తల మీద పెట్టు నాయనా!" అని ఇటు.

"జీలకర్ర బెల్లం అమ్మాయి తల మీద పెట్టు నాయనా!" అని అటు.

"ఆ ఫ్యాను బోర్లా పడతాది, పక్కకు జరపండి!" అని ఇటు.

అటువైపు ఫ్యాను లేదు. అయినా పెద్ద ఈరన్న మనుషులు మంత్రమనుకుని ఒక బిందెను పక్కకు జరిపారు.

"ఎవరమ్మా ఆ పిల్లను ఏడిపిస్తాండేది?"

యార్డులో ఏడుస్తున్న పిల్ల కోసం హనుమంతమ్మ షెడ్డంతా వెతికింది. ఆమె పెద్ద ఈరన్న భార్య. ఎవరూ ఏడవడం లేదని తేలాక గోడ వైపు చూసి, "ఈడ ఎవురూ ఏడవల్యా, కానీమను!" అని అరిచింది. శివప్రసాద్ అది కూడా ఇటు చెప్పాడు. పురోహితుడు సరేనన్నాడు.

"రాఘవేంద్రప్రసాద్ గారి జ్యేష్ఠ పుత్రిక శ్రీవాసవిని..." దగ్గర మాత్రం యార్డులో పెళ్లికొడుకు తాళి పట్టుకుని ఆగిపోయాడు. "నాయనా, వేరే పిల్ల పేరు చెప్తాండారు," అన్నాడు గుసగుసగా. పొద్దున్నుంచీ అతను నోరు విప్పడం అదే మొదటిసారి.

"పేరుతో నీకేంరా? నీ ముందరుండేది ఎవరో చూసి కట్టు!" అన్నాడు పెద్ద ఈరన్న.

"గట్టిమేళం!" అని రామకోటయ్య బండల గుట్ట మీద నిలబడి కండువా విసురుతూ అరిచాడు. అటూ ఇటూ కాకుండా గోడ పక్కన నిలబడ్డ ఒకే మేళం రెండు పెళ్లిళ్లకూ వాయించింది. రెండు తాళిబొట్లూ ఒకే క్షణంలో పడ్డాయి. గోడ మీద కూర్చున్న శివప్రసాద్ తల మీద రెండువైపుల అక్షింతలూ పడ్డాయి. అతనికి కళ్లు మండాయి. పసుపు పడిందని చెప్పి తుడుచుకున్నాడు.

భోజనాలయ్యాక రామకోటయ్య మనసు గట్టి చేసుకుని, తీసుకున్న అడ్వాన్సు వాపసు ఇస్తానని పెద్ద ఈరన్నతో అన్నాడు. క్షమించమని కూడా అనబోయాడు. పెద్ద ఈరన్న అననివ్వలేదు.

"ఏం మాట సావుకారీ? నేను తిన్నప్పటి నుంచీ అదే ఆలోచన చేస్తాండా. నీ కొడుకు ఆ తప్పు చేయకుండా ఉండింటే ఏమయ్యేది? ఇంత పెద్ద మండపంలో నేనొక్కన్నే ఉండేటోన్ని. పంతులు ల్యాడు, కూడు ల్యాదు. బద్వేలోల్ల ముందర తలెత్తుకుంటానా? మమ్మల్ని కాపాడిందే ఆ తప్పు."

"మా వియ్యంకుడు ఇప్పటికీ కార్లోనే ఉండేటోడు," అన్నాడు రాఘవేంద్రప్రసాద్.

ఇద్దరూ కలిసి శివప్రసాద్‌కు శాలువా కప్పారు. తప్పు చేసినందుకు సన్మానం పొందడమెలాగో అతనికి తెలియలేదు. శాలువా తీసి తల్లి భుజాల మీద వేశాడు. హనుమంతమ్మ ఆఫీసులోకి వచ్చి, "ఇదేనా ఆ మిషను?" అని అడిగి, కంప్యూటర్‌కు కుంకుమ బొట్టు పెట్టి, సుందరలక్ష్మికి పసుపు కుంకుమ ఇచ్చి కావలించుకుంది.

"శాలువా బాగుండాది," అంది సుందరలక్ష్మి కొడుకుతో, బస్సులూ కార్లూ వెళ్లిపోయాక. "కానీ ముందర దాని నోరు తెరువు."

ఆ సాయంత్రమే శివప్రసాద్ ఖాళీ బ్రాకెట్లను నింపాడు. సుందరలక్ష్మి పక్కన నిలబడి, నిండిన తేదీలన్నీ ఒక్కొక్కటే కొట్టించి, 'ఈ తేదీ ఖాళీ లేదు' అని ఎర్ర అక్షరాలు వచ్చిన ప్రతిసారీ తృప్తిగా తలూపింది. గోడ దూకి మస్తాన్ వలీ దగ్గరికి పోయి శివప్రసాద్ ఏదో చెప్పబోతే, ఆయన "పో పో, షెడ్డు ఎప్పుడన్నా ఇంత శుభ్రంగా ఉండిందా?" అని తోసేశాడు. రామకోటయ్య భార్యకు క్షమాపణ చెప్పలేదు. ఆయనకు ఆ విద్య రాదు. మర్నాడు పొద్దున ఆఫీసు కుర్చీలో కొత్త పట్టు దిండు ఉంది. సుందరలక్ష్మి దాన్ని ఒకసారి తట్టి, దాని మీద కూర్చుంది.

సోమవారం కడపలో ఆగిపోయిన పాఠం నడిచింది. చివర్లో నాగశ్రీ అనే విద్యార్థిని లేచి అడిగింది. "సార్, కంపైలర్ ఎట్లాగూ ఊరుకుంటాది గదా. క్యాచ్‌లో ఏమీ రాయకుండా వదిలేస్తే ఏమైతాది?"

"రెండు పెండ్లిండ్లు అయితాయి," అన్నాడు శివప్రసాద్. క్లాసు నవ్వింది. అతను నవ్వకుండా బోర్డు మీద క్యాచ్ అని రాసి, ఆ రోజు మొదటి లైను నుంచి చివరి లైను దాకా నింపి చూపించాడు.

అంతటితో ఈ సంగతి ముగిసిపోవాల్సింది. కానీ బద్వేలు వాళ్లు ఊరికే ఉండలేదు. నల్లబండల పందిట్లో, చల్లటి నేల మీద, గోడ అవతలి నుంచి మంత్రాలు వినపడుతుండగా జరిగిన పెళ్లి గురించి చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి చెప్పారు. నెల తిరిగేసరికి మండపం కోసం వచ్చేవాళ్లలో సగం మంది బండల పందిరి కావాలని అడగసాగారు. మండపం నిండిన రోజున కూడా యార్డు రాసుకోవడానికి వీలుగా శివప్రసాద్ ప్రోగ్రాంలో మరో గడి చేర్చాడు. వచ్చినదాంట్లో భాగం మస్తాన్ వలీకి ఇస్తామంటే, పెళ్లి భోజనం పెడితే చాలన్నాడు.

శ్రావణమాసంలో ఒక పొద్దున మస్తాన్ వలీ ఆఫీసుకు వచ్చి, కుర్చీ చివర కూర్చుని మొహమాటంగా అడిగాడు.

"వదినా, ఈ నెల్లో బండలు కోసుకునేదానికి నాకొక దినం దొరుకుతాదేమో రోంత చూడమ్మా."

సుందరలక్ష్మి కళ్లద్దాలు సర్దుకుని, ఒక్కొక్క తేదీ కొట్టి నొక్కింది. ప్రతిసారీ ఎర్ర అక్షరాలే వచ్చాయి. మస్తాన్ వలీ నిట్టూర్చి, కూలీలకు మరో వారం సెలవు చెప్పి, పెళ్లిళ్లకు వేసుకునే చొక్కా ఇస్త్రీకి ఇవ్వడానికి బజారుకు వెళ్లాడు.